వైసును తూకానికి అమ్మకండి

హైదరాబాద్‌లోని మౌలాలి పారిశ్రామికవాడలో మూతపడిన షెడ్డును ఖాళీ చేస్తున్నారని తెలిస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. లేత్ మిషన్‌కు బేరగాడు వస్తాడు. మోటార్లకూ వస్తాడు. కరెంటు తీగల్లో రాగి ఉంటుంది గనుక వాటికి ఇద్దరు ముగ్గురు పోటీ పడతారు. బల్లలకు బిగించి ఉండే, ఇనుప ముక్కను దవడల మధ్య పట్టి ఉంచే వైసులను మాత్రం ఎవరూ పట్టించుకోరు. బోల్టులు కోసి, బల్ల నుంచి పెకలించి, తుక్కు ఆటోలోకి విసిరేస్తారు. ఎంతమంది ఫిట్టర్లు వాటి ముందు నిలబడి పని నేర్చుకున్నారో, ఎన్ని కుటుంబాలు వాటి మీద బతికాయో ఎవరికీ అక్కర్లేదు. ఆ రోజు బీడు, అంటే పోత ఇనుము, కిలో ఎంత పలుకుతోంది? అదొక్కటే లెక్క.

మా రోజుల్లో వైసు అంటే ఆ గౌరవమే వేరు. నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరినప్పుడు మా ఉస్తాద్ చేతికి ఆకురాయి ఇవ్వలేదు. ముందు వైసు పక్కన నిలబెట్టాడు. పిడికిలి గడ్డం కింద పెట్టుకొమ్మన్నాడు. అలా పెట్టుకుంటే మోచేయి వైసు దవడల పైఅంచుకు తగలాలి. తగిలితే ఆ బల్ల ఎత్తు నీకు సరిపోయినట్టు. పొట్టివాడైతే కాళ్ల కింద చెక్క వేసేవారు, పొడుగువాడైతే వైసు కింద దిమ్మ వేసేవారు. మనిషికి తగ్గట్టు బల్ల ఉండాలి గాని, బల్లకు తగ్గట్టు మనిషి వంగొద్దని ఆయన పట్టుదల. ఎడమ కాలు ముందుకు వేసి, కుడి కాలు వెనక్కి ఆనించి, ఆకురాయి ముందుకు పోయేటప్పుడే బరువు వేయాలి, వెనక్కి వచ్చేటప్పుడు తేలిక చేయాలి. "ఒళ్లు మొత్తం కదలాలె బేటా, ఒక్క చెయ్యితోని అయ్యే పని గాదిది" అనేవాడు.

వారాల తరబడి అదే పని. ఒక ఇనుప ముక్కను చదునుగా రాయడం. రాసినదాని మీద మూలమట్టం ఆనించి కిటికీ వైపు పట్టుకుని చూడాలి. సందులోంచి వెలుగు కనబడితే పని కానట్టే. ఆ తర్వాత సర్ఫేస్ ప్లేటుకు నీలిరంగు పల్చగా పూసి, దాని మీద ముక్కను రుద్దితే ఎత్తు ఉన్నచోట నీలం అంటుకునేది. అంటుకున్నచోట మళ్లీ రాయాలి. ముక్క అంతటా సమంగా నీలం పడే దాకా వదిలేవాడు కాదు. అప్పుడు గాని ఒకదాంట్లో ఒకటి ఇమిడే జత ముక్కలు చేయనిచ్చేవాడు కాదు.

ఈ నేర్పు అంతా వైసు మీదే ఆధారపడి ఉంటుంది. దవడలు సమంగా కలవకపోతే ముక్క ఒక పక్క బిగుసుకుని ఇంకో పక్క కదులుతుంది. కదిలే ముక్క మీద ఎంత నేర్పుగా రాసినా గుండ్రంగా వస్తుంది గాని చదునుగా రాదు. పాపం, నేర్చుకునే పిల్లవాడు తన చెయ్యే మంచిది కాదనుకుంటాడు. ఆకురాయి పట్టడం కంటే ముందే వైసు చూసుకోవడం నేర్పింది అందుకే. సాయంత్రం బెల్లు కొట్టకముందే ఇనుప రజను బ్రష్షుతో దులపాలి. దవడను కదిపే మర కడ్డీని, అంటే స్పిండిల్‌ను, తుడిచి నూనె పెట్టాలి. దవడలు గట్టిగా బిగించి వదలకూడదు, కాస్త సందు ఉంచి, పిడి నిలువుగా కిందికి వేలాడేలా పెట్టి పోవాలి. సానపట్టిన ముక్కను బిగించేటప్పుడు అల్యూమినియం రేకు మడిచి దవడలకు తొడగాలి. సుత్తి దెబ్బ ఎప్పుడూ కదలని దవడ వైపే పడాలి. వైసు వీపును దాగలిలా వాడినవాడికి ఆ పూట తిట్లు తప్పేవి కావు.

అన్నింటికంటే పెద్ద తప్పు, పిడికి పైపు తొడిగి బిగించడం. పిడి ఎందుకు అంత సన్నగా ఉంటుందో మాకు మొదటి వారంలోనే చెప్పారు. మనిషి చేతి బలానికి తగ్గట్టే దాని పొడవు, లావు లెక్కకట్టి చేస్తారు. మితిమీరి బిగిస్తే ముందు పిడి వంగుతుంది. పిడి వంగితే సరిచేసుకోవచ్చు, కొత్తది వేసుకోవచ్చు. పైపు తొడిగితే ఆ బలమంతా స్పిండిల్ చూడీల (మరల) మీద, లోపలి నట్టు మీద, బీడు ఒంటి మీద పడుతుంది. బీడు నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక విరిగిన వైసులే నేను చూసిన పాడైపోయిన వైసుల్లో ఎక్కువ.

ఆయుధపూజ నాడు షాపు మొత్తం కడిగి, లేత్‌తో పాటు వైసుకూ పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేవాళ్లం. ఉస్తాద్ ముసల్మాన్. అగరుబత్తి ఆయనే వెలిగించేవాడు. మౌలాలి గుట్ట మీద దర్గా ఉర్సుకు మేమంతా ఎక్కినట్టే, దసరాకు ఆయన మా బల్ల దగ్గర నిలబడేవాడు. పనిముట్టు అందరికీ అన్నం పెట్టేదే కదా.

ఇంత మంచి వైసులు మన ఊరికి ఎలా వచ్చాయో ఈ తరానికి తెలియదు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండన్‌లో పుట్టింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు పెట్టారు. కంపెనీ లండన్‌ది గనుక సామానూ ఇంగ్లండ్ నుంచే దిగేది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతుల్లోకి తీసుకున్నా, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినా, బల్లల మీది వైసులు మాత్రం అవే. షెఫీల్డ్‌లో సి అండ్ జె హాంప్టన్ వాళ్లు చేసిన రికార్డ్, వెడ్నెస్‌బరీ వాళ్ల వోడెన్, బ్రాడ్‌ఫర్డ్ పక్కన షిప్లీలో పార్కిన్సన్ చేసిన పర్ఫెక్ట్, ఇలా ఒంటి మీద అక్షరాలు పోతపోసి ఉండేవి. పార్కిన్సన్ వైసుకు పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే నట్టు స్పిండిల్ నుంచి విడిపోయి, దవడ ఒక్క లాగుకు జారి వస్తుంది. వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. పిడి ఇరవై చుట్లు తిప్పే పని తప్పుతుంది. ఆ యంత్రాంగాన్ని పందొమ్మిదో శతాబ్దంలోనే ఆలోచించారు, ఇప్పటికీ పనిచేస్తోంది.

రైల్వే ఒక్కటే కాదు. 1942లో సనత్‌నగర్‌లో ఆల్విన్, 1943లో కవాడిగూడలో ప్రాగా టూల్స్ వచ్చాయి. ప్రాగా టూల్ అండ్ కట్టర్ గ్రైండర్ ఉన్న షాపు అంటే అప్పట్లో మంచి షాపు. ఆ పెద్ద కార్ఖానాల్లో పని నేర్చినవాళ్లే తర్వాత మౌలాలిలో, బాలానగర్‌లో, చర్లపల్లిలో చిన్న చిన్న షెడ్లు పెట్టుకున్నారు. షెడ్డు పెట్టిన మొదటి రోజు కొనేది వైసు. లేత్ అప్పు చేసి తర్వాత తెచ్చుకునేవారు. వైసు లేకుండా ఏ పనీ మొదలుకాదు. ఆల్విన్ పోయింది, ప్రాగా హెచ్‌ఎంటీలో కలిసింది. మౌలాలి షెడ్ల స్థానంలో గోదాములు, ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. 2024లో మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడిచింది, సంతోషమే. ఆ రైలు ఎక్కి పొద్దున్నే పనికి పోయే ఫిట్టర్లు ఎంతమంది ఉన్నారు? అదీ నా బాధ.

ఇప్పుడు రాణిగంజ్‌కు పోయి కొత్త వైసు కొనండి. మెరిసే రంగు, నున్నటి ఒళ్లు. ఆ నునుపు పుట్టీది. పోతలో పడిన గుంతలను పుట్టీతో పూడ్చి పైన రంగు కొడతారు. బిగిస్తే కదిలే దవడ పైకి లేస్తుంది. దవడ ప్లేటు మీద ఆకురాయితో ఒక్క గీత గీయండి, వెన్నలా కోసుకుపోతే దానికి పదును పెట్టలేదని అర్థం. అలాంటి దవడ ఏడాదికల్లా అరిగి నున్నబడి, ముక్కను పట్టడం మానేస్తుంది. అన్నీ ఇలాంటివే అనడం లేదు. జలంధర్, లూధియానా నుంచి మంచి పనిముట్లు తయారై పరదేశాలకు కూడా పోతున్నాయి. మంచిది చేయడం మనకు చేతగాక కాదు. కొట్టులో అడిగేవాడు "చవకది చూపించు" అంటున్నాడు, అమ్మేవాడు చవకది తెచ్చి పెడుతున్నాడు. మా రోజుల్లో కొనేవాడే దవడలు మూసి, వెలుగుకు పట్టి చూసి, వద్దంటే వద్దని వెనక్కి ఇచ్చేవాడు. కొనేవాడికి చూపు పోయాక చేసేవాడికి భయం ఎక్కడిది?

అప్పటిదంతా బంగారం అని నేను అనను. మా రోజుల్లో కళ్లద్దాలు లేకుండా ఉలితో ఇనుము చెక్కేవాళ్లు. రవ్వ పడి కన్ను పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఇవాళ షాపులో కళ్లద్దాలు, చేతి తొడుగులు పెడుతున్నారు, అది గొప్ప మార్పు. సీఎన్‌సీ మిషన్ మీద ఒక్క గంటలో అయ్యే పని మాకు వారం పట్టేది, అదీ ఒప్పుకోవాల్సిందే. కానీ సీఎన్‌సీ మీంచి దిగిన ముక్కకు అంచు తీయాలన్నా, పాత మిషన్‌లో విరిగిన పిన్ను ఊడబెరకాలన్నా, బేరింగు కూర్చోబెట్టాలన్నా మళ్లీ వైసు దగ్గరికే రావాలి. ఆ కాస్త పనికి ఇవాళ మనిషి దొరకడం లేదు.

అందుకే పని నుంచి దిగాక నేను పాత వైసులు వెతకడం మొదలుపెట్టాను. ఒకప్పుడు రైల్వే తుక్కు వేలంపాటకు పోయి కళ్లతో చూసి పాడేవాళ్లం. ఇప్పుడంతా కంప్యూటర్‌లో, రైల్వే వాళ్ల ఐఆర్‌ఈపీఎస్ వెబ్‌సైట్‌లో వేలమే. తుక్కు లాట్‌లు లాట్‌లుగా టన్నుల్లో పోతుంది. నాలాంటివాడికి అందులో చోటు లేదు. ఇక మిగిలినవి జుమ్మేరాత్ బజార్, రాణిగంజ్ పాత ఇనుము కొట్లు, మా మౌలాలి తుక్కు దుకాణాలు. పొద్దున్నే పోవాలి. లారీ ఎక్కకముందే పట్టుకోవాలి.

కుప్పలో వైసు కనబడగానే ధర అడగకూడదు. ముందు చిన్న సుత్తితో ఒంటి మీద అక్కడక్కడా తట్టాలి. మోత నిలబడితే ఒళ్లు గట్టిది. డబ్‌మని చచ్చిన మోత వస్తే ఎక్కడో పగులుంది. తర్వాత దవడను పూర్తిగా బయటికి తెచ్చి, పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. ఆట మరీ ఎక్కువైతే లోపలి గాడి అరిగిందన్నమాట. స్పిండిల్ మొత్తాన్నీ చూడాలి. ఎప్పుడూ వాడే మొదటి రెండు మూడు అంగుళాల దగ్గర చూడీలు కత్తిలా సన్నబడితే స్పిండిల్ పని అయిపోయినట్టే. ఇత్తడి రంగు గీత కనబడితే ఎప్పుడో అతికారని లెక్క. బాగా అతికితే అది లోపం కాదు. దవడ ప్లేట్ల స్క్రూలు ఉన్నాయో లేదో, బల్లకు బిగించే చెవులన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. తుప్పు చూసి భయపడక్కర్లేదు. తుప్పు పోతుంది, పగులు పోదు.

ఈ మధ్య మా వాడలో ఒక తుక్కు కొట్టులో అయిదంగుళాల వైసు దొరికింది. ఒక చెవి విరిగి వేలాడుతోంది, స్పిండిల్ బిగుసుకుపోయింది. కొట్టు కుర్రవాడు నన్ను వింతగా చూశాడు. "ఏం జేస్తవ్ తాతా దీన్తోని? ఇరిగింది గద" అన్నాడు. "ఇరిగిందే గాని సావలే బిడ్డా" అన్నాను. వాడు బీడు ధరకే తూచి ఇచ్చాడు.

మా రోజుల్లో తుప్పు వదిలించాలంటే కిరోసిన్ డబ్బాలో వేసి మరిచిపోయేవాళ్లం. ఇప్పుడు కిరోసిన్ ఎక్కడ దొరుకుతుంది? డీజిల్‌లో గేర్ ఆయిల్ కలిపి స్పిండిల్‌కు, నట్టుకు రోజూ పోస్తూ వచ్చాను. పట్టు వదలకపోతే నట్టు చుట్టూ బ్లో ల్యాంపుతో వేడిచేసి, చల్లబడనిచ్చి, మళ్లీ నూనె పోయాలి. పిడి మీద బలం చూపకూడదు, ఓపికే చూపాలి. ముందుకు కాస్త, వెనక్కి కాస్త తిప్పుతూ ఉంటే తుప్పు పొడిగా రాలి చివరికి కదిలింది. ఒంటి మీది తుప్పుకు బట్టల సోడా నీళ్ల తొట్టి పెట్టాను. బ్యాటరీ ఛార్జర్ మైనస్ తీగ వైసుకు, ప్లస్ తీగ ఒక పనికిరాని ఇనుప రేకుకు. రేకు స్థానంలో స్టీలు చెంచా, స్టీలు పళ్లెం వేలాడదీయకండి. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం విషమై నీళ్లలోకి దిగుతుంది. ఆరుబయట, గాలి ఆడే చోట చేయాలి. తెల్లారేసరికి తుప్పు నల్లటి మసిలా మారి, వైర్ బ్రష్షుతో రుద్దగానే పోయింది.

విరిగిన చెవికి అసలు పని ఉంది. పగులు రెండు కొనల దగ్గర చిన్న రంధ్రం వేస్తే అది ఇంక ముందుకు పాకదు. రెండు అంచులనూ రాసి లోయలా చేసి, బొగ్గుల కుంపటి మీద ఒళ్లంతా మెల్లగా కాచాలి. చల్లటి బీడు మీద ఒక్కసారి మంట పెడితే ఇంకో చోట పగులుతుంది. ఆ తర్వాత వెలిగారం వేసి, గ్యాస్ మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి ఆ లోయను నింపాలి. మా వాడలో ఈ పని బాగా తెలిసిన వెల్డర్ ఒకాయన ఉన్నాడు. ఆర్క్ వెల్డింగ్‌తో రెండు నిమిషాల్లో అతికేవాళ్లు వందమంది దొరుకుతారు. వాళ్లు అతికింది మర్నాటికే ఊడుతుంది. ఈయన మాత్రం అతికిన వైసును వేడి మీదే బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేశాడు. మెల్లగా చల్లబడితేనే బీడు లోపల బిగువు చేరదు.

అరిగిన దవడ ప్లేట్ల బదులు పాత లారీ కమాను పట్టీ కోసి కొత్తవి చేసుకున్నాను. మూడు మూలల ఆకురాయితో గీతలు ముందే కోయాలి, పదును పెట్టాక కోయలేం. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా పెళుసవుతుంది. అందుకే మెరుగుపెట్టి మళ్లీ సన్నని సెగ మీద కాచి, గోధుమ రంగు తేలగానే సెగ నుంచి తీసెయ్యాలి. రంగు చూసి వేడి కొలవడం ఇది. రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన ఎనామిల్. పోతపోసిన అక్షరాలను గ్రైండర్‌తో రాసిపారేయకండి. అది చేసినవాళ్ల సంతకం.

ఇంత పని చేసింది షోకేసులో పెట్టడానికి కాదు. ఈ మధ్య కాఫీ హోటళ్లలో పాత వైసులకు బంగారు రంగు వేసి గోడ మీద బిగిస్తున్నారు. చూస్తే కడుపు మండుతుంది. మా తమ్ముడి కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, గరాజ్‌లో విల్టన్ వైసు పెట్టుకున్నాడు. 1941లో షికాగోలో మొదలైన కంపెనీ అది. కదిలే దవడ కింది పట్టీ మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి, పాతవాటిలో అది వారంటీ తీరే తేదీ అని వాడే చెప్పాడు. అక్కడ జనం అలాంటివి వెతికి కొని, బాగుచేసి, రోజూ వాడుకుంటారట. వాడు శనివారాలు పిల్లలను పక్కన నిలబెట్టుకుని సైకిల్ బాగుచేస్తాడు. మౌలాలి పిల్లలకు ఆ భాగ్యం ఎందుకు ఉండకూడదు?

షెడ్డు మూసే యజమానులారా, తుక్కువాడికి ఫోన్ చేయకముందు దగ్గర్లోని ఐటీఐకి ఒక ఫోన్ చేయండి. ఫిట్టర్ ట్రేడ్ పిల్లలు ఒక్కో వైసు దగ్గర వరస కట్టి నిలబడే పరిస్థితి ఉండకూడదు. తుక్కు కొట్ల భాయ్‌లారా, వైసును సమ్మెటతో పగలగొట్టి కుప్పలో వేయకండి. పక్కన పెట్టండి, బీడు ధర కంటే నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చి కొనేవాళ్లం మేమున్నాం. ఐటీఐ మాస్టార్లూ, పిల్లలకు కొత్త వైసు ఇవ్వడానికి ముందు ఒక పాతది ఇచ్చి విప్పమనండి. తుప్పు వదిలించడం, చూడీ చూడటం, దవడ పదును పెట్టడం, బిగించి మూలమట్టం పట్టడం. ఫిట్టర్‌కు రావాల్సిన పనులన్నీ ఆ ఒక్క దాంట్లోనే ఉన్నాయి. నేర్పడానికి మనిషి కావాలంటే మా వాడలో రిటైరైన ఫిట్టర్లు ఇంకా ఉన్నారు, జీతం అడగరు, పిలిస్తే చాలు. మేమున్నప్పుడే పిలవండి.